సూదుల మీద మిగిలిపోయిన గౌను



పోయిన చలికాలంలో మన స్త్రీల సమాజంలోని ఒక పెద్దమ్మగారు ప్రభువునందు నిద్రించారు. ఆమె పదవీ విరమణ చేసిన నర్సమ్మ. ట్రెయినింగు రోజుల్లో హాస్టలులో తోటి పిల్లల దగ్గర ఊలు అల్లిక నేర్చుకున్నారట. అది మొదలు ఆ సూదులు ఆమె చేతిలోనే ఉన్నవి. సంఘంలో ఎవరింట బిడ్డ పుట్టినా ఒక గౌను అల్లి తెచ్చేవారు. ఆ గౌను అంచుకు గవ్వలు వరుసగా పేర్చినట్టుండే ఒక అల్లిక వేసేవారు. అటువంటిది మేము మరెక్కడా చూడలేదు. "ఆ గవ్వల అంచు ఎలా వేస్తారు పిన్నీ?" అని అడిగితే నవ్వి, "మీకెందుకమ్మా ఆ బాధ? ఎప్పుడు కావాలంటే అప్పుడు నేనల్లి ఇస్తాను కదా!" అనేవారు. ఆ మాటలో గర్వము లేదు, ప్రేమే ఉన్నది. మేమూ ఆ మాటతో తృప్తిపడి ఊరుకున్నాము.

భూస్థాపన అయిన రెండు వారాలకు ఆమె కుమార్తె ఒక గుడ్డసంచి తీసుకొని సమాజ కూడికకు వచ్చింది. సంచిలో సగం అల్లిన గౌను, సూదుల మీద కుట్లు అలాగే ఉన్నవి. పుట్టబోయే మనవరాలి బిడ్డకని మొదలుపెట్టినది. "అక్కా, మీలో ఎవరైనా దీన్ని పూర్తి చేసి పెట్టండి" అని ఆమె మా చేతిలో పెట్టింది.

మా వలన కాలేదు. మూడు శుక్రవారాలు దాని చుట్టూ కూర్చున్నాము. ఒకరు పాత గౌను తెచ్చి వరుసలు లెక్కపెట్టారు. ఒకరు రెండు వరుసలు విప్పి చూద్దామన్నారు, విప్పితే నాలుగు కుట్లు జారిపోయినవి. చివరకు సాదా అంచు వేసి ముగించి ఇచ్చాము. బిడ్డకు తొడిగితే చూసినవారందరూ బాగున్నదన్నారు. ఆ కుమార్తె మాత్రం అంచును వేలితో ఒకసారి తడిమి, ఏమీ అనలేదు.

ఆ మౌనము మమ్మును చాలా దినములు వెంటాడినది. నిజము చెప్పవలెనంటే, ఆ పెద్దమ్మగారు ప్రేమ వలన నేర్పలేదు. మేము అసూయ వలన నేర్పలేదు. కొన్ని సంవత్సరాల క్రితం కోత పండుగ వేలంపాటకు మేము ఒక పసిపిల్లల జత అల్లి పెట్టాము. టోపీ, చొక్కా, మేజోళ్లు. మంచి ధర పలికినది. పక్క ఊరి సంఘపు సహోదరి ఒకామె నమూనా అడిగితే కాగితం మీద రాసి ఇచ్చాము. ఇచ్చాము గాని, భుజము దగ్గర కుట్లు తగ్గించే ఒక వరుసను కావాలనే రాయలేదు. వచ్చే ఏడు వారి పండుగలో మాకంటే మంచి జత పెడతారేమోనని! ఆమె పాపం అల్లినది, విప్పినది, మళ్లీ అల్లినది. తనకు చేతకాదనుకొని మానేసినది. ఈ సంగతి ఆమెతో ఈ మధ్యనే ఒప్పుకొని క్షమాపణ అడిగాము. అందుకే ఈ నెల ఈ పేజీలో నమూనాలను పంచుకొనుట గూర్చి రాయుచున్నాము.

నిర్గమకాండము 35వ అధ్యాయము మీరు చదివే ఉంటారు. ప్రత్యక్షపు గుడారము కొరకు స్త్రీలు తమ చేతులతో నూలు వడికి తెచ్చిన సంగతి అక్కడున్నది. మేక వెండ్రుకలు కూడా వడికారు. అదే అధ్యాయము చివర బెసలేలు, అహోలీయాబు అనువారి మాట వచ్చును. దేవుడు వారికి నానావిధములైన పనులలో నేర్పు ఇచ్చెను. దానితోపాటు ఇతరులకు నేర్పే మనస్సు కూడా ఇచ్చెనని అక్కడ ప్రత్యేకముగా రాయబడియున్నది. ఇన్నాళ్లు మేము మొదటి వరమును చూశాము గాని రెండవదానిని చూడలేదు. నేర్పు, నేర్పించుట, ఈ రెండూ ఒకే దాత ఒకేసారి ఇచ్చినవి. ఒకటి ఉంచుకొని రెండవది దాచుకుంటే సగము వరమును పాతిపెట్టినట్టే గదా!

మన ప్రాంతానికి ఈ అల్లికలు వచ్చినదే పంచుకొనుట వలన. 1870లో కెనడా దేశము నోవాస్కోషియాలోని కాన్సో అను చిన్న ఊరిలో హన్నా మరియా నోరిస్ అను యౌవనస్త్రీ, మిషనరీ పనికి సహాయము చేయు స్త్రీల సంఘమును ఆరంభించారు. అటువంటి సంఘాలు ఊరూరా లేచినవి. అవి కూడబెట్టిన చిన్న చిన్న కానుకలు మన తెలుగు సీమలో కెనడా బాప్తిస్టు మిషను పనికి ఆధారమైనవి. బొబ్బిలి, శ్రీకాకుళం, విజయనగరం వంటి చోట్ల మిషను కేంద్రాలు వెలసినవి. మిషను బాలికల బడులలో చదువుతోపాటు కుట్టుపని కూడా నేర్పేవారు. మన అమ్మమ్మలకు సూది పట్టుట నేర్పిన మిస్సమ్మలు సగము నేర్పి సగము దాచుకొనియుంటే ఈ పేజీ రాయుటకు మేము ఉండేవారము కాము.

సగము తెలిసిన పనికి ఎంత నష్టమో పశ్చిమ గోదావరి నర్సాపురంలో చూడవచ్చును. అక్కడి క్రోషియా లేసు కూడా మిషనరీల ద్వారా వచ్చినదే. అది పెద్ద వ్యాపారమై విదేశాలకు వెళ్లినది. అయితే పని ముక్కలైపోయినది. పువ్వులు ఒకరు అల్లుతారు, వాటిని కలిపే అతుకుపని వేరొకరిది, సరుకు ఎగుమతి చేయువారు మరొకరు. జర్మనీ దేశపు మరియా మీస్ అను ఆమె అక్కడి స్త్రీలను కలిసి, 1982లో 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' అను పుస్తకము ప్రచురించారు. దినమునకు ఆరు నుండి ఎనిమిది గంటలు లేసు అల్లే స్త్రీని కూడా "ఇంట్లో ఊరికే కూర్చొని తీరిక వేళ అల్లుకుంటున్నది" అని లెక్కలోనికి తీసుకోకపోవుటను ఆమె ఎత్తి చూపారు. 2024లో ఆ లేసుకు భౌగోళిక గుర్తింపు లభించినది. సంతోషమే. కాని ఒక పువ్వు మాత్రమే అల్లుట తెలిసిన స్త్రీ ఆ పువ్వు కొనేవాని మీద ఆధారపడియుండును. దుప్పటి మొత్తము అల్లుట తెలిసిన స్త్రీ తన పనికి తానే ధర చెప్పగలదు. మనము సరదాకు అల్లువారమే అయినా నమూనాను మొత్తముగా ఇయ్యవలెనను పాఠము ఇందులో ఉన్నది.

అంత దూరమెందుకు, మన శ్రీకాకుళం జిల్లా పొందూరునే చూడండి. అక్కడి సన్న ఖద్దరుకు పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ సన్నని పండ్ల మధ్య పత్తి శుభ్రపడి మెరుపు తేలును. ఎముకను ఎంత వాలుగా పట్టవలెనో, చేతి బరువు ఎంత ఉండవలెనో ఏ పుస్తకము చదివినా రాదు. తల్లి పక్కన కూతురు కూర్చుంటేనే వచ్చును. ఒక తరము కూర్చోకపోతే ఆ పని అక్కడితో ఆగిపోవును. మా పెద్దమ్మగారి గవ్వల అంచు ఆగిపోయినట్టే.

అందుచేత మా సమాజంలో ఈ సంవత్సరము ఒక నమూనాల పుస్తకము పెట్టాము. పెద్ద లాంగు నోటుబుక్కు. మీ సమాజములలో కూడా పెట్టండి. మాకు అనుభవము మీద తెలిసిన సంగతులు కొన్ని చెప్పెదము.

మొదటిది, రాసినవారు కాక వేరొకరు ఆ రాతను చూసి అల్లవలెను. అల్లగలిగితేనే అది పుస్తకములోనికి ఎక్కును. మనకు అలవాటైన మెలికను మనము రాయుట మరచిపోతాము. ఎదుటివారి సూది ఆగిపోయినప్పుడే ఆ ఖాళీ తెలియును.

రెండవది, ఊలు రకము, సూది నెంబరు, పది సెంటీమీటర్లకు ఎన్ని కుట్లు వచ్చినవో తప్పక రాయండి. ఒకరి చేయి బిగువు, ఒకరి చేయి వదులు. ఒకే నమూనా అల్లినా ఒకరి టోపీ కొబ్బరికాయకు, మరొకరిది గుమ్మడికాయకు సరిపోవును! ముందుగా చిన్న ముక్క అల్లి కొలిచి చూచుకుంటే ఈ చిక్కు ఉండదు. మన బజారులో దొరికే సూదులకు పాత ఇంగ్లీషు నెంబర్లుంటవి. నెంబరు పెరిగేకొద్దీ సూది సన్నమగును. 8వ నెంబరు 4 మిల్లీమీటర్లు, 10వది 3.25, 12వది 2.75.

మూడవది, ప్రతి నమూనాతోపాటు అరచేయంత ముక్క ఒకటి అల్లి ఆ పేజీకి కుట్టి ఉంచండి. రాత అర్థము కాకపోయినా ముక్క చూసి తెలిసికొనవచ్చును.

నాలుగవది, నేర్పేటప్పుడు ఎడమచేతివాటం అమ్మాయి ఉంటే పక్కన కూర్చోబెట్టకండి, ఎదురుగా కూర్చోబెట్టండి. అద్దములో చూసినట్టు మీ కుడిచేతి పనిని ఆమె ఎడమచేతితో చేసికొనును. "నీకు రాదులేమ్మా" అని మేము ఒకసారి పంపించివేసిన పిల్ల ఈ చిన్న ఉపాయముతో నేడు మాకంటే వేగముగా అల్లుచున్నది.

అచ్చయిన పుస్తకముల గూర్చి ఒక మాట. నిట్టు, పర్లు, గవ్వ, ఆకు, జడ వంటి అల్లికలు ఎవరి సొత్తూ కాదు. ఇంగ్లండులో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఎలిజబెత్ జిమ్మర్మన్ అను ప్రసిద్ధ అల్లికకారిణి తాను కనుగొన్న ఉపాయములను కూడా "కనిపెట్టాను" అనేవారు కాదట. ఇన్ని శతాబ్దాలలో ఎవరో ఒకరు దీనిని ముందే అల్లియుంటారని ఆమె నమ్మకము. అయితే ఒకరు శ్రమపడి అచ్చువేయించి అమ్ముకొనుచున్న పుస్తకమును జిరాక్సు తీసి పంచుట, అమ్ముట మనకు తగదు. పుస్తకము కొని సమాజములో అందరూ కూర్చొని చూచుకుందాము.

ఇప్పుడు మా పుస్తకములోని మొదటి పేజీ మీకిచ్చుచున్నాము. ఏ వరుసా దాచలేదు! ఇది అప్పుడే పుట్టిన బిడ్డ టోపీ. దీనినే ఎందుకు ఎన్నుకున్నామంటే, పసిబిడ్డకు శరీరముతో పోలిస్తే తల పెద్దది గనుక తలనుండి వేడి త్వరగా పోవును. రెండున్నర కిలోల కంటే తక్కువ బరువుతో పుట్టిన బిడ్డలకు ఇది మరీ అపాయము. 1978లో కొలంబియా దేశపు బొగోటా నగరములో డాక్టరు ఎడ్గార్ రే ఆరంభించిన కంగారూ పద్ధతిలో బిడ్డను తల్లి రొమ్ముకు ఆనించి ఉంచి, తలకు టోపీ పెడతారు. సేవ్ ద చిల్డ్రన్ సంస్థ 2006లో అమెరికాలోను, ఆ తరువాత బ్రిటనులోను అల్లిక తెలిసినవారిని ఇటువంటి టోపీలు అల్లి పంపమని కోరినది. మనకు మాత్రం అంత దూరము పంపనక్కరలేదు. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలో సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం కొండ గ్రామాలున్నవి. డిసెంబరు, జనవరి రాత్రులు అక్కడ చలి ఎలాగుండునో మీకు తెలుసు.

కావలసినవి: మెత్తని బేబీ ఊలు 25 నుండి 30 గ్రాములు, 10వ నెంబరు సూదులు ఒక జత, పెద్ద కన్ను ఉన్న కుట్టుసూది. పది సెంటీమీటర్లకు 26 కుట్లు రావలెను.

80 కుట్లు ఎక్కించండి. రెండు నిట్టు, రెండు పర్లు చొప్పున 12 వరుసలు వేయండి. ఇది సాగే అంచు. తరువాత ఒక వరుస అంతా నిట్టు, ఒక వరుస అంతా పర్లు. మొదటినుండి కొలిస్తే 10 సెంటీమీటర్లు వచ్చువరకు అలాగే వేసి, పర్లు వరుసతో ఆపండి.

ఇప్పుడు తగ్గించుట. మొదటి వరుస: 8 నిట్టు, 2 కుట్లు కలిపి ఒక నిట్టు. వరుస చివరివరకు ఇలాగే. 72 కుట్లు మిగులును. తరువాత వరుస అంతా పర్లు. ఆ పై వరుస: 7 నిట్టు, 2 కలిపి ఒకటి. 64 కుట్లు. మళ్లీ పర్లు. ఇలాగు మధ్యలో ఒక్కొక్క పర్లు వరుస వేసికొంటూ, తగ్గించే ప్రతి వరుసలో నడుమ నిట్టులను ఒక్కొక్కటి తగ్గించుకొని వెళ్లండి. కుట్లు వరుసగా 56, 48, 40, 32, 24, 16 అగును. 16 కుట్లయిన తరువాత ఒక పర్లు వరుస వేసి, ఆఖరి వరుసలో అన్నియు రెండేసి కలపండి. 8 కుట్లు మిగులును. ఊలు ఒక మూర ఉంచి తెంచండి. దానిని కుట్టుసూదికి ఎక్కించి, ఆ 8 కుట్లలోనుండి లాగి బిగించి, అదే దారముతో పక్కలు కలిపి కుట్టండి. కుట్టు ఉబ్బుగా ఉండకూడదు, బిడ్డ తలకు ఒత్తుకొనును.

నెల తక్కువ బిడ్డకైతే 64 కుట్లు ఎక్కించి, 8 సెంటీమీటర్లు వచ్చిన తరువాత 6 నిట్టు, 2 కలిపి ఒకటి అనుచోటనుండి తగ్గించుట మొదలుపెట్టండి.

గుండీలు, పూసలు, ఊలు బంతులు, గొంతు దగ్గర కట్టే తాళ్లు వద్దు. అవి మన ముచ్చటకే గాని బిడ్డకు అపాయము. ఆస్పత్రికి ఇచ్చే ముందు అక్కడి నర్సమ్మను అడిగి, ఉతికి ఆరబెట్టి ఇయ్యండి. మైదానపు ఊళ్లలో ఎండకాలము ఊలు టోపీలు అవసరము లేదు. ఎక్కువ వేడి కూడా పసిబిడ్డకు మంచిది కాదు.

నమూనా పంచుకున్నట్టే ఊలు కూడా పంచుకొనవచ్చును. మా కూడికలో ఒక వెదురుబుట్ట పెట్టాము. ఇంట్లో మిగిలిన చిన్న ఉండలు అందులో వేస్తారు, అవసరమున్నవారు తీసుకుంటారు. కొత్తగా కొనేటప్పుడు నలుగురు కలిసి కొంటే మంచిది. చీటీ మీద రంగు నెంబరే కాదు, లాటు నెంబరు కూడా చూడండి. ఒకే రంగు రెండు లాటులలో తేడాగా ఉండును, చొక్కా ముందు భాగము ఒకలా వెనుక భాగము ఒకలా కనబడును. చీటీ లేని ఉండ అసలు ఊలో కాదో తెలియకపోతే చిన్న పోగు తెంచి స్టీలు పళ్లెములో జాగ్రత్తగా కాల్చి చూడండి. అసలు ఊలు వెంట్రుక కాలిన వాసన వచ్చి బూడిద నలిగిపోవును. అక్రిలిక్ కరిగి గట్టి పూసవలె మిగులును. సముద్రపు గాలికి ఇనుప సూదులు తుప్పుపట్టును. చుక్క కొబ్బరినూనె రాసి, పొడిగుడ్డతో శుభ్రముగా తుడిచి దాచుకోండి.

చివరిగా దొర్కా సంగతి. అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయములో ఆమె చనిపోయినప్పుడు విధవరాండ్రు ఏడ్చుచు, ఆమె కుట్టి ఇచ్చిన బట్టలను పేతురుకు చూపించారు. ఎన్నోసార్లు ఆ భాగముపై ప్రసంగములు విన్నాము. ఈ మధ్య మరల చదివినప్పుడు ఒక ప్రశ్న కలిగినది. ఆ విధవరాండ్రలో ఎవరికైనా ఆమె పని వచ్చియుండెనా? వాక్యము చెప్పలేదు. దొర్కాకు ప్రభువు తిరిగి ప్రాణమిచ్చెను. ఆమె మరల సూది పట్టియుండును. మా పెద్దమ్మగారు ఇక పునరుత్థాన దినమువరకు సూది పట్టరు. మన సంగతి కూడా అంతే.

కాబట్టి సహోదరీలారా, మీ ఇంట్లో, మీ వీధిలో, మీ సంఘములో ఏ అల్లికయైనా తెలిసిన పెద్దవారున్నారా? ఈ నెలలోనే ఒక సాయంత్రము నోటుబుక్కు, సూదులు తీసుకొని వెళ్లి పక్కన కూర్చోండి. "అల్లి ఇస్తానులే" అంటే, "అల్లి ఇవ్వొద్దు అమ్మమ్మా, నేర్పి పెట్టు" అని బతిమాలండి. మీకే తెలిసిన అల్లిక ఉంటే ఒక చిన్నదానిని పిలిచి కూర్చోబెట్టండి.

ఆ కుమార్తె ఇప్పుడు ప్రతి శుక్రవారము మా కూడికకు వచ్చుచున్నది. తల్లి అల్లిన పాత గౌను ఒకటి తెచ్చి, "దీన్ని విప్పి నేర్చుకోండి, పాడైనా ఫర్వాలేదు" అని ఇచ్చివేసింది. దానిని వెనుకనుండి ఒక్కొక్క వరుస విప్పి కాగితముమీద రాసికొనుచున్నాము. గవ్వల అంచులో ఇప్పటికి అయిదు వరుసలు తెలిసినవి. మిగిలినవి తెలిసిన వెంటనే ఈ పేజీలోనే, ఏదియు దాచకుండ, మీకు అందించెదము.

వచ్చే నెల మరల కలుసుకొందము. మీ చేతిపనిని ప్రభువు ఆశీర్వదించును గాక.